కచ్చా కుట్టు

రాతి మెట్టు మీద నిలబడి, ఎడమ కాలు రికాబులో పెట్టి, ఆయన కాసేపు ఆగాడు. గుర్రం కూడా ఆగింది. దాని పేరు బామ్మ. పుట్టినప్పుడు ఇంకేదో పేరు పెట్టే ఉంటారు గానీ, ముసలితనం వచ్చాక ఆ పేరుతో పిలిస్తే చెవి ఆడించడం కూడా మానేసింది. ఆయన కుడి కాలు దాని వీపు మీదుగా అవతలికి వేస్తూ చిన్న కూనిరాగం తీశాడు. వెనక వరసలో పొట్టి గుర్రాల మీద కూర్చున్న పిల్లలు, తాతకు ఇవాళ హుషారుగా ఉందనుకున్నారు. హుషారూ లేదు, పాడూ లేదు. తుంటిలో కత్తి దిగినట్టు ఉంటే, ఆ మూలుగు మూలుగులా బయటికి రాకుండా రాగంలోకి మళ్ళించడం ఆయన ఈమధ్య నేర్చుకున్న విద్య.

స్వారీ నేర్పే ఆ మైదానంలో పెద్దవాళ్ళు ఆయన్ని నిదానం మామ అనేవారు, పిల్లలు నిదానం తాత అనేవారు. బెదిరిన గుర్రానికైనా, దాని మీద బిక్కచచ్చి కూర్చున్న పిల్లలకైనా ఆయన చెప్పే పాఠమంతా ఆ ఒక్క మాటే. "నిదానం, నిదానం." ముందు బామ్మ మీద ఆయన, వెనక పిల్లల గుర్రాలు. కంచె వెంబడి ఒక చుట్టు, పొడుగాటి చెట్ల కింద ఇంకో చుట్టు, మళ్ళీ మెట్టు దగ్గరికి. పోటీల్లో దూకే గుర్రాలకు వేరే మైదానం ఉంది. ఆయన ఏనాడూ అటు పోలేదు, పంపమని అడగనూ లేదు. నడక దాటి వేగం ఎరగని మనిషి.

పాఠం అయిపోయింది. పిల్లల్ని ఇళ్ళవాళ్ళు వచ్చి తీసుకుపోయారు. ఆయన మాత్రం దిగలేదు. కళ్ళెం సరిచేస్తున్నట్టు, బామ్మ జూలులో గడ్డిపరకలు ఏరుతున్నట్టు నటిస్తూ కూర్చున్నాడు. ఎవరూ చూడటం లేదని నమ్మకం కుదిరాక ముందుకు వాలి, గుర్రం మెడను కావిలించుకుని, బస్తా జారినట్టు జారి నేల మీద పడ్డాడు. బామ్మకు ఇది అలవాటే. ఆయన కాళ్ళు కూడదీసుకునేదాకా కదలకుండా నిలబడింది. ఆయన నడుము పట్టుకుని లేచి తిరిగి చూస్తే, చెట్టు పక్కన మైదానం యజమానురాలు నిలబడి ఉంది.

"నెల రోజుల్నించి చూస్తున్నా మామా," అంది. "నువ్వు దిగట్లేదు, పడుతున్నావు."

ఆవిడ చెడ్డది కాదు. వాళ్ళ నాన్న నడిపే రోజుల్లో, ఇదే మెట్టు మీంచి ఆవిడను మొదటిసారి గుర్రం ఎక్కించింది ఈయనే. అందుకే ఆ మాట అనడానికి ఆవిడకు నెల పట్టింది.

"రేపట్నించి గేటు దగ్గర కూర్చో. మంచి కుర్చీ వేయిస్తాను. వచ్చేవాళ్ళకి దారి చూపిస్తే చాలు."

"కుర్చీలో కూర్చుంటే ఇంకా నొప్పమ్మా," అన్నాడాయన. అందులో అబద్ధం లేదు.

ఆవిడ నవ్వు ఆపుకుంది. "అయితే జీనైనా మార్చి చూడు. సాయంత్రం పాఠానికి నేను వస్తా. నీ అంతట నువ్వు దిగితే సరే. లేదంటే కుర్చీయే, ఇంక మాట్లాడకు."

ఆవిడ వెళ్ళిపోయాక ఆయన బామ్మ మెడ మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాడు. గేటు దగ్గర్నుంచి మైదానం కనపడదు. పోనీ, తన సంగతి ఎలాగోలా గడుస్తుంది. ఈ ముసలిదాన్ని ఎక్కడానికి ఇంకెవరు ముందుకొస్తారు? ఎవరూ ఎక్కని గుర్రాన్ని ఎన్నాళ్ళు మేపుతారు? అలా బండెక్కి వెళ్ళి మళ్ళీ తిరిగిరాని గుర్రాలను ఆయన చాలా చూశాడు. వాటి కళ్ళెం పట్టుకుని బండిదాకా నడిపించింది కూడా ఆయనే.

గుర్రపుశాల వెనక జీనుల కొట్టు. లోపల తోలు వాసన, మైనం వాసన, కిటికీ కింద పొడుగు బల్ల. ఆ బల్ల దగ్గర ఒకప్పుడు ఆయన భార్య కూర్చునేది, ఇప్పుడు కూతురు కూర్చుంటోంది. అదే ముక్కాలి పీట, అలాగే వంగిన మెడ. గుమ్మంలోంచి చూసిన ప్రతిసారీ ఆయనకు ఒక్క క్షణం ఎవరో తెలిసేది కాదు. ఆ ఒక్క క్షణం కోసమే రోజూ ఏదో ఒక సాకుతో వచ్చేవాడు.

జీను భుజాన వేసుకుని లోపలికి అడుగుపెట్టగానే కూతురు తల ఎత్తకుండానే అంది, "ఏదో బస్తా పడ్డ చప్పుడు వినపడింది."

"బస్తా కాదు, మీ నాన్న."

"నడక చూస్తే తెలుస్తూనే ఉంది. బాతు నయం."

ఆయన కుర్చీ సంగతి చెప్పాడు. కూతురు సూదులు పక్కన పెట్టేసింది. "ఎన్నిసార్లు రమ్మన్నాను, కొలత చూస్తానని? అందరికీ జీనులు కుట్టే దాన్ని, నాన్న మాత్రం కుంటుకుంటూ తిరుగుతుంటే జనం నన్నేమనుకుంటారు?"

"వచ్చానుగా. ఇప్పుడు చూడు."

గోడ వారగా ఇసుక పెట్టె ఉంది. లోతు లేని చెక్కపెట్టె, నిండా తడి ఇసుక, పైన పల్చటి మేకతోలు. జీను కావాలని వచ్చినవాళ్ళను ముందు దాని మీద కూర్చోబెడతారు. లేచాక తోలు మీద రెండు గుంటలు పడి ఉంటాయి. కూర్చున్న మనిషి బరువు మోసేవి పిరుదుల కింద ఉండే రెండు ఎముకలు, వాటి మధ్య ఎడం ఎంతో ఆ గుంటలు చెబుతాయి. కొలత తీసుకోగానే అరచేత్తో ఇసుక చదును చేసెయ్యాలి. ఒకరు కూర్చున్న గుర్తు ఇంకొకరి కంట పడకూడదనేది ఆయన భార్య పెట్టిన నియమం.

ఆయన మొదటిసారి దాని మీద కూర్చున్నప్పుడు మూతి మీద మీసం కూడా సరిగ్గా రాలేదు. జీనులు కుట్టే పెద్దాయన ఆ రోజు ఎటో వెళ్ళాడు, ఆ పెద్దాయన కూతురే కొలత తీసింది. ఆడపిల్ల ముందు అలా కూర్చుని లేచేసరికి సిగ్గుతో చచ్చిపోయాడు. ఆ పిల్ల మాత్రం గుంటల మీద వంగి చాలాసేపు చూసి, "కుడి పక్కది లోతుగా ఉంది. నువ్వు ఒక పక్కకి ఒరిగి కూర్చుంటావు. ఎవరైనా వచ్చి కూర్చుంటారని పక్కన చోటు వదుల్తావా ఏం?" అంది. దానికి జవాబు చెప్పడానికి ఆయనకు ఏడాది పట్టింది. చెప్పాక పెళ్ళయింది.

ఇప్పుడు కూతురు అలాగే వంగి చూసింది. "ఇంకా ఒరిగే కూర్చుంటున్నావు నాన్నా."

ఆయన ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. కంట్లో ఏదో పడ్డట్టు తుడుచుకున్నాడు. కూతురు పుల్లతో ఎడం కొలిచి, ఇసుక చదును చేసింది.

కొట్టు మధ్యలో, జీనులు వేసి చూడటానికి నిజం గుర్రమంత కొయ్య గుర్రం ఉంది. దాని మీద వేసిన మొదటి జీను ఈమధ్య వచ్చిన రకం. లోపల మందంగా స్పాంజి, పైన మెత్తటి తోలు. కూర్చోగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. "ఇదే. ఇంక వేరేది చూడక్కర్లేదు," అన్నాడు.

"దిగకు. అలాగే ఉండు," అని కూతురు తన పనిలో పడిపోయింది.

కాసేపటికి ఆయన ఎడమకు జరిగాడు. ఇంకాసేపటికి కుడికి జరిగాడు. ఎముకలు స్పాంజిలో దిగబడిపోయి, వాటి మధ్య కండ మీద బరువంతా పడుతోంది. అక్కడ మొదలైన మంట నడుము దాకా పాకింది.

"ఇప్పుడు చెప్పు, ఎలా ఉంది?"

"చుట్టం లాగుంది," అన్నాడు. "వచ్చిన పూటే బాగుంది."

రెండోది పీటంత వెడల్పు. ఎముకలకు సుఖంగానే ఉంది గానీ, తొడలు చెరో పక్కకూ చీలిపోయి తుంటి కీళ్ళు పట్టేశాయి. "అసలే బామ్మ లావు. దానికి ఇది కూడా తోడైతే నా కాళ్ళు చెరో ఊరూ చేరతాయి," అన్నాడు. కూతురు ఆయన్ని దించడానికి భుజం పట్టాల్సి వచ్చింది. మూడోది మరీ ఇరుకు. ఎముకలు రెండూ దాని అంచుల మీద పడ్డాయి. ఆయన ఎక్కిన వెంటనే దిగేశాడు, కూనిరాగం తీయడం కూడా మర్చిపోయాడు.

"ఇంకేం లేవా?" అని అడిగాడు. గొంతులో హాస్యం పోయింది.

కూతురు గోడకు ఆనించి ఉన్న ఆయన పాత జీను వైపు చూసింది. "ఒక మాట చెబుతాను. కోప్పడకూడదు."

"నేనెప్పుడు కోప్పడ్డాను?"

"కోప్పడవు. మాట్లాడ్డం మానేస్తావు. అదింకా అన్యాయం."

ఆ జీను భార్య కుట్టింది. దాని మీద గొర్రె ఉన్ని మెత్త ఉంది. ఒక చలికాలం ఆయన గుర్రం మీంచి జారిపడి నడుము కిందంతా కమిలిపోతే, ఆవిడ హడావుడిగా వేసిన మెత్త. వేసవి వచ్చేసరికి ఆవిడ లేదు. అప్పట్నించీ ఆయన దాని మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. ఏళ్ళ తరబడి బరువు మోసి ఉన్ని ఉండలు కట్టింది, మధ్యలో గడ్డలా పేరుకుపోయింది.

"నీ నొప్పి ఇదే నాన్నా," అంది కూతురు. "ఇది ఎముకల్ని ఆననివ్వదు. మధ్యలో లావెక్కి తొడల్ని చీలుస్తుంది. నాకు చాలా రోజులుగా అనుమానం. అమ్మ వేసిందని చెప్పడానికి నోరు రాలేదు."

కూతురు అన్నట్టుగానే ఆయన మాట్లాడ్డం మానేశాడు. వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాడు. బయట బామ్మ తోకతో ఈగల్ని తోలుకుంటోంది. చాలాసేపటికి, "మీ అమ్మ కుట్టింది విప్పుతావా?" అన్నాడు.

"అమ్మ కుట్టింది విప్పడం నా తరమా? రెండు సూదులు పట్టుకుని అటొకటి ఇటొకటి వేసి బిగించేది. చిన్నప్పుడు నేర్చుకోమని పాత జీను ఇస్తే, కత్తితో ఒక చోట కోసినా పక్క కుట్టు ఊడేది కాదు. ఇటు రా. ఇది చూడు." ఆమె మెత్త అంచు పైకెత్తింది. కింద దూరం దూరంగా పొడుగాటి కుట్లు. మైనం కూడా పట్టించని మామూలు దారం. "ఇది కచ్చా కుట్టు. సరిపోయిందో లేదో చూసి లాగేయడానికి వేసేది. చివర ముడి కూడా వేయలేదు. దెబ్బ తగ్గగానే తీసేద్దామనే వేసింది. తీసే వ్యవధి లేకపోయింది, అంతే."

ఆయన ఆ దారం కొసను అలాగే చూస్తూ ఉండిపోయాడు. ఉండిపోవాలని వేసే కుట్టు ఏదో, తీసేయాలని వేసే కుట్టు ఏదో, ఆ బల్ల పక్కన అన్నేళ్ళు కూర్చున్న మనిషికి ఒకరు చెప్పక్కర్లేదు. అయినా ఒక్కసారీ అంచు ఎత్తి చూడలేదు. అది ఆవిడ చేసిన చివరి పని. దాన్ని కదిలిస్తే ఆవిడ ఇంకోసారి పోతుందని భయం.

"నేను లాగుతాను," అన్నాడు.

రెండు వేళ్ళతో కొస పట్టుకుని లాగాడు. దారం ఎక్కడా చిక్కుపడకుండా మొత్తం వచ్చేసింది. మెత్త వదులై పక్కకు జారింది. కింద తోలు ఇన్నేళ్ళూ ఎండ తగలక, మొదటి రోజు ఉన్నట్టే తేనె రంగులో ఉంది. అంచు చుట్టూ ఆవిడ రెండు సూదుల కుట్టు, ఒక్కటీ చెదరలేదు.

ఆ జీను కొయ్య గుర్రం మీద వేయించి, ఎక్కి కూర్చున్నాడు. ఎముకలు రెండూ వెళ్ళి వాటి చోట్లో ఆనాయి. తొడలు దగ్గరగా కిందికి దిగాయి. బిగిసిపోయి ఉన్న తుంటి కాస్త వదులైంది.

"ఎలా ఉంది?"

"కాసేపు మాట్లాడించకు," అన్నాడు.

కూతురు ఆగింది. తర్వాత మెల్లగా అంది, "ఒంట్లో కండ పోయింది గానీ ఎముకల మధ్య ఎడం అప్పటిదే. అమ్మ ఆ కొలతకే కుట్టింది."

సాయంత్రం పాఠంలో కంచె వెంబడి ఒక చుట్టు, చెట్ల కింద ఒక చుట్టు. నొప్పి పూర్తిగా పోయిందని కాదు, పాతబడ్డ తుంటి పాతబడ్డదే. కానీ కత్తి మాత్రం లేదు. "తాతా, ఇవాళ పాడవేంటి?" అని వెనకనుంచి ఒక పాప అడిగింది. "పాట మర్చిపోయానమ్మా," అన్నాడు. యజమానురాలు కంచె మీద చేతులు పెట్టుకుని చూస్తోంది. మెట్టు దగ్గర ఆయన కుడి కాలు వెనక్కి తిప్పి, నిదానంగా కిందికి దించి, రెండు కాళ్ళ మీదా నిలబడ్డాడు. బస్తా పడలేదేమిటని బామ్మ తల తిప్పి చూసింది.

"కుర్చీకి చెప్పేశాను మామా. ఇప్పుడేం చెయ్యను?"

"నువ్వు కూర్చో అమ్మా. పొద్దున్నించీ నిలబడే ఉన్నావు."

ఆవిడ పైకే నవ్వేసింది. పాఠం ఇంకెవరికీ ఇవ్వనని చెప్పి వెళ్ళింది.

ఆయన జీను తెచ్చి కొయ్య గుర్రం మీద వేసి, తడిగుడ్డతో తుడిచాడు. తర్వాత ఇసుక పెట్టె మీద కూర్చుని గోడకు చేరగిలబడ్డాడు. కిటికీలోంచి ఎండ ఇంకా బల్ల మీద పడుతోంది.

"అది కూర్చునే బల్ల కాదు నాన్నా," అంది కూతురు, వెనక్కి తిరక్కుండా కుట్టుకుంటూనే.

"చల్లగా బాగుంది."

"ఈ మెత్త ఏం చెయ్యమంటావు?"

"గడ్డి కొట్టంలో పిల్లి ఈనిందిగా, దానికి పరిచెయ్యి. మీ అమ్మ ఏమీ అనుకోదులే."

"రేపు రికాబు పట్టీ కొంచెం పొడుగు చేస్తాను. తుంటికి ఇంకా హాయిగా ఉంటుంది."

"నిదానం," అన్నాడు. "తొందరేముంది?"

ఆమె కుడుతూ పోయింది, ఒక సూది అటు, ఒక సూది ఇటు. బయట బామ్మ సకిలించింది. రోజూ ఆ వేళకు అది పిలవడం, "వస్తున్నా ఉండవే" అని ఆయన కసరడం మామూలే. ఇవాళ జవాబు లేదు. "నాన్నా, నిన్నే పిలుస్తోంది," అంది కూతురు. నడిచే గుర్రం మీదే కునుకు తీసే మనిషికి పెట్టె మీద నిద్ర పట్టడం వింతా అనుకుని ఇంకో రెండు కుట్లు వేసింది. బామ్మ మళ్ళీ పిలిచింది. అప్పుడు వెనక్కి తిరిగింది.

ఆయన గోడకు తల ఆనించి, కాస్త కుడి పక్కకు ఒరిగి, ఎడమ పక్కన చోటు వదిలి కూర్చుని ఉన్నాడు. వేలికి ఆ దారం చుట్టుకుని ఉంది. ముఖంలో నొప్పి లేదు. కూతురు వెళ్ళి ఆ ఖాళీ చోట్లో కూర్చోబోయి, కూర్చోకుండా నేల మీద మోకాళ్ళూని, ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

బామ్మను ఎవరూ బండెక్కించలేదు. పిల్లల పాఠానికి ఇప్పుడు యజమానురాలే దాన్ని ఎక్కుతోంది. నిదానం, నిదానం అంటే తప్ప అది కదలదని ఆవిడ త్వరలోనే తెలుసుకుంది. జీనుల కొట్టుకు వచ్చేవాళ్ళకు కొలత తీయడానికి కూతురు కొత్త పెట్టె చేయించుకుంది. పాతది అదే గోడ వారన ఉంది. దాని మీద ఎవర్నీ కూర్చోనివ్వదు, అమ్మ నియమం ఈ ఒక్కచోట పాటించదు. ఇసుక ఆరిపోకుండా అంచుల వెంట కాసిని నీళ్ళు చిలకరిస్తుంది. మేకతోలు మీద రెండు గుంటలు, కుడి పక్కది కాస్త లోతుగా.