రెండు వేళ్ల సందు

మా బాపు బీరన్న మేక మెడకు తాడు కట్టినప్పుడల్లా సందులో రెండు వేళ్లు పెట్టి చూస్తాడు. వేళ్లు దూరకపోతే ముడి విప్పి మళ్లీ కడతాడు. చిన్నప్పటి నుంచి చూసిన పనే. నా కంటి దగ్గర మాత్రం గుర్తుకు రాలేదు.

చౌటుప్పల్ దగ్గర మందుల కంపెనీలో నాది సీసాలు చూసే పని. ఇంజక్షన్ సీసాను లైటు ముందు తిప్పి, లోపల నలుసు ఉందో లేదో చెప్పాలి. కన్ను ఉంటేనే ఆ కొలువు. మాస్కు వల్ల అద్దాలకు ఆవిరి పడుతుంటే మెత్తటి కాంటాక్ట్ లెన్సులు కొన్నాను. మొదటి జత రెప్ప కొట్టినప్పుడల్లా కొంచెం జరిగేది. నాకది నచ్చలేదు. కదిలేది ఏదైనా ఒకనాడు జారిపోతుందని లోపల ఎప్పుడూ ఒక భయం.

"అన్నా, గివి కదులుతున్నయి. బిర్రుగ ఉండేటియి ఇయ్యి," అన్నాను కళ్లద్దాల దుకాణం పరశురాములుతో.

"కండ్ల డాక్టరుకు చూపెట్టినవా, చెల్లె?"

"చెప్పులు కొనేటందుకు కాళ్ల డాక్టరు దగ్గరికి పోతమా?"

అతను నవ్వి ఇంకో డబ్బా ఇచ్చాడు.

రెండో జత కదల్లేదు. పెట్టుకున్న సంగతే మరిచిపోయేదాన్ని. ఏమీ తెలియకపోవడమే సుఖమనుకున్నాను. సాయంత్రం తీస్తే తెల్లగుడ్డు మీద గుండ్రంగా అచ్చు పడి ఉండేది, బిగువు గాజులు తీసిన చేతి మీద పడినట్టు. కళ్లు ఎర్రబడితే నిద్ర చాలలేదనుకున్నాను. నాలుగో నెలలో ఒక పొద్దున కుడికన్ను తెరవలేకపోయాను. దారి కనిపించాలి కదా, ఎడమకంట్లో లెన్సు పెట్టుకునే బాపుతో దవాఖానకు పోయాను.

డాక్టరమ్మ మిషను ముందు నా గడ్డం ఆనించి రెప్ప కొట్టమంది. ముందు ఎడమకన్ను చూసింది, తర్వాత కుడికన్ను.

"లెన్సు అసలు కదలడం లేదు, ప్రవళికా. రెప్ప కొడితే రవ్వంత జరగాలి. అప్పుడే కింద కన్నీళ్లు మారతాయి, నల్లగుడ్డుకు గాలి అందుతుంది. కుడికంట్లో పుండు పడింది. పుండు మానుతుంది, మచ్చ పోదు."

"సందు ఇడువలే," అన్నాడు బాపు, ఎవరితోనూ కాకుండా. ఆమెకు అర్థం కాలేదు. తిరుగు బస్సులో మళ్లీ అన్నాడు: "మేకలకైతే చూస్తి బిడ్డా. నీకు చూడకపోతి."

ఆరు వారాలకు పనిలోకి వెళ్లాను. మొదటి సీసా తిప్పాను. పొగలాంటి మరక. పక్కన పెట్టాను. రెండో సీసాలోనూ, అదే చోట. మూడోది.

"ఏందక్కా, అన్నీ చెడ్డయేనా ఇయ్యాల?" పక్క స్టూలు మీది హరిత నవ్వింది.

ఎడమకన్ను మూసి నాలుగోది తిప్పాను. సీసాలో నలుసైతే నీళ్లతో పాటు తిరగాలి. నీళ్లు తిరిగాయి. మరక కదల్లేదు.

నా ట్రే ఆమె ముందుకు జరిపాను.

"నువ్వు చూడు," అన్నాను.