ఇరవై ఎనిమిది దాటితే

నీళ్ళలో చెయ్యి పెట్టాను. పెట్టినంత వేగంగా తీసేశాను.

"ఏంటి మేడం, ఏమైనా కరిచిందా?" అన్నాడు మెకానిక్, పడవ అంచు పట్టుకుని నవ్వుతూ.

"వెచ్చగా ఉన్నాయయ్యా నీళ్ళు!" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

మేము వచ్చింది చెడిపోయిన థర్మామీటరు మార్చడానికి. సముద్రం మీద తేలుతూ గంటగంటకూ నీటి వేడిని మా పరిశోధనాలయానికి పంపే పరికరం అది. మేమంతా డబ్బా అంటాం. మూడు వారాలుగా ముప్పై, ముప్పైన్నర అని పంపుతోంది. ఏటా ఈ నెలల్లో ఇక్కడ ఇరవై నాలుగు డిగ్రీలు ఉండాలి. ముప్పై ఏళ్ళ లెక్కల్లో ఇరవై ఆరు ఎన్నడూ దాటలేదు. "డబ్బాకి మతి పోయింది, పట్టించుకోవేం?" అని ఈ మెకానిక్‌ని రోజూ తిట్టాను. "అది బాగానే ఉందేమో మేడం" అని ఒక్కసారి నసిగాడు. సముద్రం సంగతి నువ్వు నాకు చెబుతావా అని నోరు మూయించాను. నేను పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు.

మెకానిక్ చేతి థర్మామీటరుకు తాడు కట్టి దింపాడు. ముప్పై పాయింట్ నాలుగు. ఇంకొకటి దింపించాను. అదీ అంతే. అంటే తప్పు డబ్బాది కాదు, నాది.

ఎందుకంటే, ఇరవై ఎనిమిది దాటిన రీడింగును మా ప్రోగ్రాము నమ్మదు. పారేసి, ఆ చోట పాత సంవత్సరాల సగటు పెడుతుంది. ఆ షరతు రాసింది నేనే. ఒకప్పుడు థర్మామీటరు పాడై డెబ్బై ఒకటి అని పంపితే, మా నివేదికలో అలాగే వెళ్ళిపోయింది. 'సముద్రంలో గుడ్లు ఉడకబెట్టుకోవచ్చు' అని పేపరువాళ్ళు ఏకిపారేశారు. మళ్ళీ పరువు పోకూడదని ఆ షరతు పెట్టాను. మూడు వారాలుగా నివేదికలో ఇరవై నాలుగే వస్తోంది.

మా తమ్ముడు నివేదికలు చదవడు, నన్నే అడుగుతాడు. తీరం దగ్గర తెప్పలకు బుట్టలు వేలాడదీసి ఆల్చిప్పలు పెంచుతాడు. పైనీళ్ళు వేడెక్కితే బుట్టల్ని లోతుకు దించాలి. అక్కడ మేత తక్కువ, చిప్ప ఎదగదు, అందుకే ఊరికే దించరు. పోయిన వారం ఫోన్ చేశాడు.

"అక్కా, నీళ్ళు తేడాగా ఉన్నాయి. దించేయమంటావా?"

"చేత్తో చూస్తే తెలుస్తుందట్రా? ఇరవై నాలుగుంది. నోరు మూసుకుని పని చూసుకో."

"సర్లే, నీ మాటకి తిరుగేముంది" అని పెట్టేశాడు.

"పడవ మా తమ్ముడి తెప్పల వైపు తిప్పు" అన్నాను మెకానిక్‌తో. తిప్పితే ఏం లాభం, తెప్పలు ఇంకా కనపడకముందే కుళ్ళు వాసన ముక్కు బద్దలుకొట్టింది.

తమ్ముడు తెప్ప మీద మోకాళ్ళ మీద కూర్చుని బుట్ట పైకి లాగుతున్నాడు. చిప్పలన్నీ నోళ్ళు తెరిచి ఉన్నాయి. బతికున్న చిప్ప వేలు తగిలితే చాలు, మూసుకుంటుంది. ఒకదాన్ని తాకాను. ఇంకోదాన్ని తాకాను. బుట్టంతా కెలికాను. ఒక్కటీ కదల్లేదు.

"ఒరేయ్, ముప్పైన్నర ఉన్నాయిరా నీళ్ళు. మూడు వారాలుగా. నేను నీకు చెప్పింది తప్పు." ఏడుపు ఆగలేదు.

వాడు తిడతాడనుకున్నాను. తిట్టలేదు. ముఖంలో నెత్తుటి చుక్క లేకుండా, వరసగా ఉన్న పక్క తెప్పల వైపు చూశాడు. పదకొండు తెప్పలు. అన్నింటి మీదా జనం బుట్టలు లాగుతున్నారు.

"వాళ్ళంతా పోయిన వారమే దించేద్దామని తాళ్ళు విప్పారక్కా" అన్నాడు. "మా అక్క చెప్పింది, ఇరవై నాలుగేనట అని నేనే పరుగెత్తి ఆపాను."

ఇంతలో పక్క తెప్ప మీద పెద్దావిడ నన్ను గుర్తుపట్టింది.

"వచ్చావా తల్లీ! కాస్త చూసి చెప్పమ్మా. నీళ్ళు బాగానే ఉన్నాయన్నావుగా, మరి ఇదేం తెగులంటావు?"

"తెగులు కాదండీ" అన్నాను. చేతి థర్మామీటరు తీసుకుని ఆవిడ తెప్ప మీదికి వెళ్ళాను.