నిండు ట్యాంకు

పాత కారులో పెట్రోలు కారుతోందని తెలియడానికి ముక్కు ఉంటే చాలు. ఎక్కడ కారుతోందో పట్టుకోవడానికి మాత్రం ఓపిక కావాలి. ఓపిక నాకు కావలసినంత ఉంది. లేనిది వేరొకటి, అది చెప్పుకోవడానికే ఈ సంగతంతా.

నా పేరు చిన్నయ్య. పాన్‌గల్ దాటి వనపర్తి పోయే రోడ్డు పక్కన నా మెకానిక్ షెడ్డు. రేకులు నావి, పానాలు నావి, కింద జాగా మాత్రం మహిపాల్ పటేలుది. ఇరవై రెండేళ్ల నాటి తన తెల్లకారును అమ్మకానికి పెట్టాలనుకుని, ముందు నా దగ్గరికి తెచ్చాడు. కారులో కూర్చుంటే పెట్రోలు వాసన కొడుతోందట. అంతకుముందు ఇద్దరు చూసి ఏమీ లేదని పంపించేశారట.

బానెట్ ఎత్తాను. కార్బురేటర్ పొడిగా ఉంది. రబ్బరు పైపుల్ని వేళ్లతో వంచి చూశాను, పగుళ్లు లేవు. క్లిప్పులు బిగుతుగానే ఉన్నాయి. ఇంజను నడుస్తున్నంతసేపూ ఎక్కడా చెమ్మ కనబడలేదు. కారు కింద పాత పేపరు పరిచి రెండు గంటలు వదిలేస్తే దాని మీద మరక కూడా పడలేదు. అయినా వెనక సీటు ఎత్తగానే వాసన గుప్పుమంది. పటేలు నన్ను ఎగాదిగా చూసి, నీక్కూడా తెలియకపోతే ఇన్నేళ్లు ఏం పని నేర్చావన్నాడు.

అప్పుడు తట్టింది. మా దిక్కున ట్యాంకు నిండా పెట్రోలు పోయించేవాడు ఎవడు? పటేళ్లయినా సరే, ఆ పూటకు సరిపడా పోయించుకుని పోతారు. ట్యాంకు పై భాగం ఏళ్ల తరబడి పెట్రోలు మొహమే చూడదు. అక్కడ చిల్లు పడితే ఎవరికి తెలుస్తుంది? పటేలు మొన్న హైదరాబాదు పెళ్లికి పోయినప్పుడు నిండా పోయించాడట, వాసన మొదలైంది అప్పుడే. క్యానుతో తెచ్చి మూతిదాకా పోశాను. కారు కిందికి దూరి వెల్లకిలా పడుకుని ట్యాంకు చుట్టూ ముగ్గుపిండి అద్దాను.

కాసేపటికి తెల్లటి పిండి మీద తడి గీత ఒకటి దిగింది. ట్యాంకును పట్టి ఉంచే ఇనప పట్టీ సందులో ఏళ్లనాటి మట్టి పేరుకుపోయింది. వానాకాలం తడి అక్కడ ఆరదు. పట్టీ అంచునే తుప్పు తినేసింది. చుక్క అక్కడ పుట్టి, పక్కగా జారి, నేల మీద పడేలోపే ఆవిరైపోతోంది. పట్టీ విప్పి స్క్రూడ్రైవరుతో గోకితే మొన లోపలికి దిగబడింది. ఇద్దరికి దొరకనిది నాకు దొరికిందని లోపల గర్వపడ్డాను కూడా.

ట్యాంకు మార్చాలి పటేలా, అన్నాను. అమ్మే బండికి ట్యాంకెందుకు, సబ్బు పెట్టు, అన్నాడు. బట్టల సబ్బును పెట్రోలు కరిగించదు. చిల్లు మీద గట్టిగా రుద్దితే పట్టుకుంటుంది. దారిలో ఆగిపోయిన బండిని షెడ్డుదాకా చేర్చుకోవడానికి మేం చేసే పని అది. గతుకుల్లో నాలుగు రోజులు తిరిగితే ఊడిపోతుంది. ఆ ముక్క పటేలుకు చెప్పాను. ఆయన ఫోను చూసుకుంటూ ఊఁ అన్నాడు. నేను సబ్బు పెట్టాను.

వారం తిరక్కుండా పటేలు జోసెఫ్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. జోసెఫ్ తండ్రి పటేలు వాళ్ల దగ్గర పాలేరుగా జీతం ఉన్నవాడు. జోసెఫ్, అతని పెండ్లాం ఈదమ్మ పద్నాలుగేళ్లు ముంబైలో ఇటుకలు మోశారు. ఇక చాలు, కారు కొనుక్కుని కిరాయిలకు తిప్పుకుంటూ ఇక్కడే బతుకుదామని వచ్చేశారు. కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు గాని ఏం చూడాలో అతనికి తెలియదు. చివరికి నా వైపు తిరిగాడు.

"చిన్నన్నా, బండి ఎట్లున్నది? నువ్వు మంచిగున్నదంటె తీసుకుంట."

పటేలు అక్కడే ఉన్నాడు. నన్నేమీ బెదిరించలేదు, కనీసం కన్నెత్తి చూడలేదు. చూడాల్సిన అవసరం ఆయనకు లేదు. మంచిగున్నదని చెప్పాను. ఆ ఒక్క మాట నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ తర్వాత జోసెఫ్ రోజూ కారు కడిగేవాడు. నా షెడ్డు ముందునుంచి పోతూ హారన్ కొట్టి చెయ్యి ఊపేవాడు. హారన్ వినబడ్డప్పుడల్లా కారు కింద తడి ఉందేమోనని వెనక చక్రం వైపే చూసేవాణ్ణి. ఒకనాడు ఆపి, పాత బండి కదా, ట్యాంకు సగానికి మించి పోయించొద్దని చెప్పాను. అంతవరకే చెప్పాను. జోసెఫ్ నవ్వాడు.

"నిండ పోయిచ్చుకోనీకె నేనేమన్న పటేల్నా అన్నా?"

నిజమే కదా అనుకున్నాను. ఇతను నింపేది లేదు, అది కారేది లేదు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చేసిన తప్పుకు పేదరికం కాపలా కాస్తుందని ధీమాగా కూర్చున్నవాణ్ణి నేను.

రెండు నెలలకు బాలమ్మ అనే ఆవిడ కుటుంబం సోమశిలకు కిరాయి మాట్లాడుకుంది. నడుమ ఎక్కడా ఆగొద్దని పెట్రోలు వాళ్లే నిండా పోయించారు. కొల్లాపూర్ దాటాక గతుకుల్లో వాసన మొదలైంది. వెనక కూర్చున్న కోడలికి వాంతి వచ్చింది. వాసన పోవాలని ముందు సీట్లోని బాలమ్మ సంచిలోంచి అగరుబత్తి తీసి అగ్గిపుల్ల గీయబోయింది. జోసెఫ్ బండి నడుపుతూనే ఆమె చేతిలోంచి అగ్గిపెట్టె లాక్కుని కిటికీలోంచి విసిరేశాడు. అందరినీ దింపి దూరంగా నిలబెట్టి కారు కిందికి చూస్తే వెనక చక్రం పక్కన ధారగా కారుతోందట.

ప్రాణాలు కాపాడాడని ఒక్కరూ అనలేదు. ఇట్లాంటోళ్ల బండి ఎక్కడమే తప్పయిందని మొహాలు మాడ్చుకుని, ఆటో ఎక్కి పోయారు. ఇట్లాంటోళ్లు అంటే ఏమిటో జోసెఫ్‌కు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ వారంలో ఊరంతా పాకింది. మళ్లీ ఒక్క కిరాయి రాలేదు.

జోసెఫ్ మొదట పటేలు దగ్గరికి పోయాడు. చిన్నయ్య చూసి చెప్పాకే కదా కొన్నావు, ఆయన్నే అడుగు అని పటేలు చేతులు దులుపుకున్నాడు. అప్పుడు నా దగ్గరికి వచ్చాడు. వెంట ఈదమ్మ కూడా ఉంది. నేనిక దాచలేదు. పట్టీ, తుప్పు, సబ్బు అన్నీ చెప్పాను. అరుస్తాడనుకున్నాను. అరవలేదు.

"పటేల్ ముంగట ఎందుకు చెప్పలేదన్నా?" అన్నాడు.

షెడ్డు జాగా సంగతి అతనికీ తెలుసు. దాన్ని మళ్లీ నా నోటితో చెప్పిస్తున్నాడేమో అనిపించింది. ఈదమ్మ మాత్రం నన్ను చూడకుండా నేల చూస్తూ నిలబడింది.

అప్పుడు జోసెఫ్ వచ్చిన పని చెప్పాడు. ఉప్పునుంతల నుంచి వెంకట్రాములు అని కూరగాయలు అమ్మే మనిషి రేపు కారు చూడ్డానికి వస్తున్నాడట. మళ్లీ సబ్బు పెట్టమన్నాడు. వచ్చినాయన అడిగితే, తనకు చెప్పినట్టే మంచిగున్నదని చెప్పమన్నాడు. ఇందులో వెటకారం ఏమీ లేదు. బండి అమ్ముడుపోకపోతే మళ్లీ ముంబై తప్పదు, అంతే.

నేను చెయ్యనన్నాను. ఎవరో కాలిపోతారన్నాను.

"పటేలుకు పెట్టినవు కదన్నా," అంది ఈదమ్మ, తల ఎత్తకుండానే.

సరేనని లేచి జాకీ పెట్టాను. జోసెఫ్ మొహం కాస్త తేటపడింది. పట్టీలు విప్పుతుంటే తనే కిందినుంచి ట్యాంకును రెండు చేతులతో పట్టుకున్నాడు. పెట్రోలు క్యానులోకి వంచేశాం. లోపల ఆవిరి అంటుకోకుండా ట్యాంకు నిండా నీళ్లు పోయమన్నాను. సబ్బు పెట్టడానికే అనుకుని బకెట్లతో మూతిదాకా పోశాడు. నేను ఉలి, సుత్తి తీసుకుని తుప్పు పట్టిన చోట మూడు దెబ్బలు కొట్టాను.

అరచెయ్యి పట్టేంత చిల్లు పడింది. ఎర్రటి నీళ్లు మా కాళ్ల మీదుగా పారాయి. ఇక దానికి సబ్బూ లేదు, కొనేవాడూ లేడు. మహబూబ్‌నగర్ స్క్రాపులో వేరే ట్యాంకు వెతికి తెస్తానని, నా డబ్బుతోనే బిగించి ఇస్తానని గబగబా చెప్పాను. చెబుతూ ఉంటే నేనేదో ధైర్యం చేసినవాడిలా నా గొంతు నాకే వినిపించింది.

జోసెఫ్ ఖాళీ బకెట్ కింద పెట్టాడు.

"తెస్తవు తియ్యన్నా. బండి పటేల్ది ఉన్నప్పుడు గీ సుత్తి యాడ పెట్టినవు?"

ఈదమ్మతో కలిసి బస్టాండు దిక్కు నడిచిపోయాడు. నేను తడిసిన కాళ్లతో అక్కడే నిలబడ్డాను. నా జన్మలో ఒక్కసారి ధైర్యం చేశాను. అది చెయ్యడానికి కూడా లేనివాడి బండే నాకు దొరికింది.