సోదా పనికి పట్టుచీర

అడవిలో ఉన్న కమ్యూనిస్టులకు బియ్యం చేరకుండా, రబ్బరు ఎస్టేటు గేటు దగ్గర ఆడవాళ్లను సోదా చేయడానికి ఒక ఆడమనిషి కావాలన్నారు పోలీసులు. ఆ ఉద్యోగం వస్తే, తెల్లారకముందే లేచి రబ్బరు చెట్లకు గాట్లు పెట్టే పని రత్నావతికి తప్పుతుంది. అందుకే ఇంటర్వ్యూకి ఆమె ఏం కట్టుకోవాలో తేల్చే భారాన్ని కూలీల ఇళ్ల లైన్లోని ఆడవాళ్లంతా దయతో తమ నెత్తిన వేసుకున్నారు. రత్నావతిని అడగాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

"పట్టుసీరే కట్టాల," అంది పక్కింటి అప్పలమ్మ.

"సోదా పనికి పట్టుసీరేటత్తా?" అంది రత్నావతి.

"నువ్వు నోర్ముయ్యే. ఈ పుల్లని సూసి ఎవుడు బయపడతాడు?"

అప్పలమ్మ ఆమె నడుముకు రెండు తువ్వాళ్లు చుట్టి, వాటి మీద తన పెళ్లిచీర కట్టింది. ఇప్పుడు రత్నావతి పుల్లలా లేదు, మూటలా ఉంది.

గేటు పక్క గదిలో ఇన్‌స్పెక్టరు తమిళంలో అడిగాడు. "నీలాంటి మనిషి గేటు దగ్గరికొస్తే ముందు ఎక్కడ వెతుకుతావు?"

రత్నావతి తల ఎత్తకుండానే, "నడుం దగ్గర సార్," అంది.

"ఎందుకు?"

"చేతులేమో సన్నం, నడుమేమో లావు."

చెప్పి ఊరుకోక, లోపలి తువ్వాళ్లు రెండూ లాగి బల్ల మీద పెట్టింది. తర్వాత జారిపోతున్న చీరను రెండు చేతులా పట్టుకుని నిలబడింది.

ఇన్‌స్పెక్టరు నవ్వు ఆపుకుంటూ ఉద్యోగం రాసిచ్చాడు. బట్టల సంగతీ ఆయనే తేల్చేశాడు. రోజూ ఖాకీ గౌను వేసుకోవాలట. పట్టుచీర గొప్పతనం సర్కారుకు ఇంకా తెలిసినట్టు లేదు.