గోడలో కలిసిన ఇస్పా రాయి

ఎవరైనా పోతే వాళ్ళ పొయ్యి బూడిద దిబ్బ మీద పోసి, తీరం నుంచి ఒక రాయి తెచ్చి పక్కన పెట్టడం ఆ ఊరి ఆచారం. ముత్తాతల నాటి నుంచీ బూడిదా, ఆల్చిప్పలూ, రాళ్ళూ పోగుపడి దిబ్బ మూడు నిలువుల ఎత్తు లేచింది. ఒకరు పెట్టిన రాయిని ఇంకొకరు కదపరు. ఇంట్లో బిడ్డ పుడితే, పోయిన పెద్దల రాయికి బిడ్డ చెయ్యి తాకించాకే వాళ్ళ పేరు పెడతారు.

అలాంటి దిబ్బ చుట్టూ గోడ కట్టాలని ఊరి పెద్దలకు బుద్ధి పుట్టింది. పని చయెప్ చేతిలో పెట్టారు. రాయి పేర్చడంలో అతన్ని మించినవాడు లేడు. ఆ సంగతి అందరికంటే అతనికే ఎక్కువ తెలుసు, అదే కొంప ముంచింది.

గోడ సగంలో ఉండగా సముద్రం పొంగి, రాళ్ళు తెచ్చే తీరానికి దారి లేకుండా పోయింది. పక్క లోయవాళ్ళు గోడ చూడవచ్చే రోజు దగ్గరపడింది. ఆగితే పరువు పోదూ! దిబ్బ మీది రాళ్ళే పీకించాడు చయెప్. వద్దన్న ముసలమ్మలతో, రాళ్ళెక్కడికి పోతాయి, దిబ్బ చుట్టూనే ఉంటాయిగా అన్నాడు. ఊరి నోరు మూయించడానికి పోయిన తన భార్య ఇస్పా రాయిని ముందుగా తానే తీసి అందించాడు. అది ఎక్కడ పడిందో చూసుకోలేదు.

గోడ గొప్పగా లేచింది. లోయవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు. వాళ్ళతోపాటు, లోయలో కాపురముంటున్న కూతురు నైమి కూడా చంటిపిల్లనెత్తుకుని, పేరు పెట్టించడానికి వచ్చింది.

"అమ్మ రాయేది నాన్నా?"

"గోడలో ఉందే తల్లీ."

"గోడలో ఎక్కడ?"

చయెప్ తల దించుకున్నాడు. "చూసుకోలేదే."

"నువ్వే తీశావా?"

అవునన్నాడు. తిట్టినా బాగుండేది. నైమి గోడవంక తిరిగింది. పేర్చాక రాయికి అంచు తప్ప కనబడదు, పోల్చుకోవడం ఎవరి తరం?

"మొదటినుంచీ తాకించుకుంటూ పోతాను. ఎక్కడో ఒకచోట అమ్మ తగలకపోదు."

వంగుతూ లేస్తూ, పసిచేతిని ఒక్కో రాయికీ ఆనిస్తూ నడిచింది. వెనకే నడుస్తున్న చయెప్‌కు అప్పుడు తట్టింది. ఇస్పాది గుడ్డులాంటి గుండ్రాయి. అలాంటివి గోడ ముఖాన నిలవవు, రెండు వరసల మధ్య, చెయ్యి అందని నింపుడులో వేస్తారు. ఇన్నేళ్ళూ తను చేసిన పనే అది.

పొద్దు వాలేసరికి గోడ చివరికొచ్చారు. పిల్ల అరచెయ్యి ఎర్రగా కమిలిపోయింది.

"తగిలే ఉంటుంది కదూ నాన్నా?"

"తగిలే ఉంటుందమ్మా," అన్నాడు చయెప్.

పిల్లకు ఇస్పా అని పేరు పెట్టారు. ఊరంతా అలాగే పిలిచింది. తాతకు మాత్రం ఆ పేరు ఏనాడూ నోట రాలేదు.