వెనక్కి తిరిగి గెలిచిన మెస్సు గ్రైండర్

నేను ఒక గ్రైండర్‌ని. వంటింటి గట్టు మీద ముద్దుగా కూర్చునే చిన్నదాన్ని కాను సుమా, హాస్టల్ మెస్సు మొత్తానికీ పిండి రుబ్బినదాన్ని! కోయంబత్తూరులో పుట్టి, విజయనగరం పక్కన ఒక ఇంజనీరింగ్ కాలేజీకి కాపురానికొచ్చాను. నా రాళ్ళకేం, ఇంకో తరానికి సరిపోతాయి. కానీ ఒకనాడు మోటారు కాలింది. "దీని పనైపోనాది" అంటూ వంటమనిషి అప్పలకొండ నన్ను షెడ్డు వెనక్కి తోయించేశాడు. ఇన్నేళ్ళూ నా పిండి తిన్న నోళ్ళలో ఒక్కటీ అయ్యో అనలేదు.

ఆ కాలేజీలోనే హైమావతి మేడం మూడో ఏడాది పిల్లలకు సుస్థిరత పాఠం చెప్పేది. ఉన్నదాన్ని పారేయకుండా, రేపటివాళ్ళకూ మిగిలేలా వాడుకోవడం అన్నమాట. మార్కుల్లేని సబ్జెక్టు కదా, పిల్లలకది కునుకు తీసే పీరియడ్. ఒకసారి 'పర్యావరణాన్ని కాపాడుదాం' అని కొత్త థర్మాకోల్ తెచ్చి అడవి చేశారు, నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. సాయంత్రానికి అన్నీ తెచ్చి నా నెత్తినే పారేశారు! నవ్వాలో ఏడవాలో మీరే చెప్పండి.

ప్రిన్సిపాల్‌గారికి ఒళ్ళు మండింది. "పనికొచ్చేది ఒక్కటి చూపించండి మేడం. లేదంటే ఆ పీరియడ్ ప్లేస్‌మెంట్ ట్రైనింగ్‌కి ఇచ్చేస్తాను" అన్నారు.

ఆవిడ పిల్లల్ని వెంటబెట్టుకొచ్చి, ఫ్లెక్సీ లాగేసి, నన్ను చూపించింది. "కొత్తదేదీ కొనకూడదు. దీన్ని తిప్పండి."

"కొత్త మోటారు బిగించీస్తే గొడవొదిలిపోద్ది కదా మేడం" అన్నాడు తులసీరామ్.

"వదలదు నాయనా. పాతది వచ్చి ఇక్కడే పడుంటుంది" అందావిడ.

ఝాన్సీ అనే పిల్ల అప్పటికే నా మోటారు విప్పుతోంది. తనూ తులసీరామూ కలిసి, ల్యాబులో మిగిలిపోయిన రాగి తీగతో కాలిన చుట్టలన్నీ మళ్ళీ చుట్టారు. ఆ ఒళ్ళొంచిన పిల్లల్ని చూస్తే ముచ్చటేసింది.

ప్రిన్సిపాల్‌గారి ఎదుట నానిన మినప్పప్పు పోసి స్విచ్ వేశారు. తిరిగాను! కాకపోతే వెనక్కి. పిండిని లోపలికి తోయాల్సిన పలక బయటికి చిమ్మింది. ఆయన చొక్కా నిండా పిండే. మేడం మొహం పాలిపోయింది. నాకైతే భూమిలోకి కూరుకుపోవాలనిపించింది.

"ఇంక చాలు" అన్నారాయన.

"తిరిగింది కద్సార్! ఎదురు తిరిగిందంతే. రెండు తీగలు మార్చీస్తే సరి" అంటూ ఝాన్సీ అడ్డం నిలబడింది. మోటారును మొదట కదిలించే స్టార్టింగ్ చుట్ట కొసలు అటుదిటు, ఇటుదటు కలిపింది.

మళ్ళీ స్విచ్ వేశారు. ఘుర్రుమన్నాను, ఈసారి సరైన వైపు! పిండి వెన్నలా వచ్చింది. పిల్లల ఈలలకు మెస్సు దద్దరిల్లింది. అప్పలకొండ అప్పటికప్పుడు గారెలు వేశాడు. ప్రిన్సిపాల్‌గారు ఒకటి తిన్నారు, ఇంకోదానికి చెయ్యి చాపారు.

"ఆ పీరియడ్ అలాగే ఉండనివ్వండి మేడం. మా ఆఫీసులో కూలరొకటి పాడైంది, దాన్ని కూడా చూడమనండి."

మేడం కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

నేను మళ్ళీ నా చోటికొచ్చాను. "దీన్నెవుడైనా తోసినాడో, ఊరుకోను" అని అందరినీ బెదిరిస్తున్నది ఎవరనుకున్నారు? ఆ అప్పలకొండే!