నల్ల తలుపు మీద గీత

దీపం దగ్గరికి తెస్తే సాలెగూడు కనిపిస్తుంది.

నల్ల కారుతో ఎప్పుడూ అంతే. నీడలో చూస్తే నిండు నలుపు. దీపం పట్టుకుంటే చాలు... వెలుగు చుట్టూ వేల సన్నటి గీతలు గుండ్రంగా లేస్తాయి. మురికి గుడ్డతో తుడిచిన ప్రతి తుడుపూ, ఇసుక కలిసిన ప్రతి బకెట్టు నీళ్ళూ అక్కడే ఉంటాయి. కారు ఏదీ మరిచిపోదు.

మనుషులే మరిచిపోతారు.

అతను చేతిదీపం పట్టుకుని కారు చుట్టూ నడిచాడు. బానెట్టు — సాలెగూడు. పైకప్పు — సాలెగూడు, పిట్టల రెట్ట తినేసిన మచ్చలు. డ్రైవరు వైపు తలుపు — సాలెగూడు. వెనక తలుపు దగ్గరికి వచ్చి ఆగిపోయాడు.

సాలెగూడు మధ్యలో ఒక గీత.

హ్యాండిల్ కింద మొదలై ఏటవాలుగా దిగింది. పైన లోతు. దిగేకొద్దీ సన్నం. చివర్లో వెంట్రుకంత... ఆ తర్వాత ఏమీ లేదు.

ఆ గీత అతనికి తెలుసు.

కారు తెలుసు. పొద్దున దాన్ని తోలుకొచ్చినవాడూ తెలుసు.

షట్టరు ముందు హారన్ కొట్టి, నల్లద్దాలు నెత్తి మీదికి నెట్టుకుంటూ దిగినవాడు బావమరిది. పోయిన భార్యకి తమ్ముడు. ఆమె పోయాక ఒకసారి వచ్చాడు. ఆ తర్వాత ఆ దారే మరిచిపోయాడు.

"బావా! నువ్విక్కడ పనిచేస్తున్నావా? నాకు తెలీనే తెలీదే!"

తెలుసుకోవాలంటే అడగాలి.

"పోన్లే, ఇంటి మనిషివే దొరికావు. బండి అమ్మేస్తున్నా బావా. కొనేవాడు రేపు సాయంత్రం ఇక్కడికే వచ్చి చూసుకుంటానన్నాడు. చూడగానే వాడు పడిపోవాలి."

"పడిపోతే లేపడానికి నువ్వుంటావా?"

బావమరిది పగలబడి నవ్వాడు. "నీ కోపానికి మాత్రం పాలిష్ అక్కర్లేదు బావా. ఇప్పటికీ తళతళలాడిపోతోంది."

పాలిష్ షాపు ఓనరు కూడా నవ్వాడు. పనివాళ్ళు ఓనర్ని అద్దం అంటారు. ఏ కారొచ్చినా ఒకటే మాట — అద్దంలా ఉండాలయ్యా. అతన్నేమో గరుక్కాగితం అంటారు. మొహమ్మీద ఎవరూ అనరు.

అద్దం వంగి తలుపు చూశాడు. "ఇది బాగా లోతుగా దిగింది సార్."

"అదా? ఎవడో వెధవ గీకిపోయాడు. ఎప్పుడో, ఎక్కడో పార్కింగులో." బావమరిది నాలుక చప్పరించాడు. "వాడి చెయ్యి పడిపోను."

వాడి చెయ్యి పడిపోను.

అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు విప్పితే ఏం వస్తుందో అతనికే తెలీదు. వెళ్ళి పైపు అందుకుని కారు మీద నీళ్ళు కొట్టాడు.

వాన లాంటి చప్పుడు.

ఆ రోజూ వానే.

ఆమె కడుపులో మంచినీళ్ళు కూడా నిలవడం లేదు. ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. తమ్ముడు ఈ కారేసుకుని వచ్చాడు. ఎవరో వాడుకుని అమ్మేసిన బండే. అయినా వాడికి కొత్త. లోపల తేనెరంగు తోలు సీట్లు. వీధిలో అందరికీ వినపడేలా హారన్ కొట్టాడు.

"ఒక్క నిమిషం ఆగక్కా. సీటు మీద పట్టా వేసేస్తా. తోలుకి మరక పడితే ఇక పోదు."

తలుపులు లోపలి నుంచి బిగించుకున్నాడు, వాన జల్లు పడకుండా. పట్టా పరిచాడు. మూలలు లాగాడు. ముడతలు సర్దాడు. మళ్ళీ సర్దాడు.

బయట ఆమె.

ఒక చెయ్యి భర్త భుజం మీద. ఒక చెయ్యి తలుపు మీద. వేళ్ళు చిక్కిపోయి ఉంగరం వదులైంది. జారిపోకుండా తనే దారం చుట్టుకుంది. వానకి దారం తడిసి విడిపోయింది. ఉంగరం తిరిగింది. రాయి అరచేతి వైపుకి వచ్చింది.

మోకాళ్ళు ఒంగిపోయాయి. చెయ్యి తలుపు మీదుగా కిందికి జారింది.

కీచుమంది.

అప్పుడు తెరుచుకుంది తలుపు. తమ్ముడు దిగాడు. ముందు తలుపు చూశాడు. తర్వాత అక్కని చూశాడు.

ముందు తలుపు చూశాడు.

ముందు... తలుపు.

"అయ్యో! ఏంటక్కా ఇది!"

చిన్నప్పుడు వాడిని చంకనేసుకుని ఊరంతా తిప్పిన మనిషి, వానలో నేల మీద కూలబడి, తల పైకెత్తి, "తప్పయిందిరా" అంది. తడి చేత్తో ఆ గీతని తుడవబోయింది. తుడిస్తే పోతుందేమోనని.

ఆస్పత్రి నుంచి ఆమె తిరిగి రాలేదు. ఆలస్యం వల్ల కాదన్నాడు డాక్టరు. జబ్బు అప్పటికే ముదిరిపోయిందన్నాడు. అయి ఉండొచ్చు. కోపం డాక్టర్ని అడిగి రాదు.

ఉంగరం ఆమెతోనే పోయింది. అతను ఇల్లు మారాడు. పాత ఇంట్లో స్విచ్చు పక్కన గోడ మీద ఆమె చేతి మరక ఉండేది. తర్వాత దిగినవాళ్ళు రంగు వేసేశారు.

ఇక ఇదొక్కటే మిగిలింది. ఈ గీత. అదీ వాడి కారు మీద.

నీళ్ళు ఆపాడు.

మెత్తటి బంకమట్టిలాంటి క్లే ముక్కతో కారంతా రుద్దాడు. రంగులో ఇరుక్కున్న దుమ్ము, తారు చుక్కలు, ఇనుప రజను లేచి వచ్చాయి. రబ్బరు అంచులకి టేపు అంటించాడు. ఆ గీత చుట్టూ నాలుగు వైపులా టేపు అంటించాడు. చిన్న కిటికీలా మిగిలింది.

తర్వాత పాలిష్ మిషను.

మిషను పట్టుకున్నప్పుడు కోపం చేతిలోకి రాకూడదు. నొక్కితే ప్యాడు వేడెక్కుతుంది. వేడెక్కితే రంగు కాలుతుంది. కాలిన రంగుకి మందు లేదు. అందుకే అతని కోపం ఎప్పుడూ పళ్ళ మధ్యే ఉండేది. చెయ్యి మాత్రం తేలిగ్గా, పాకే నీడలా... అటు నుంచి ఇటు. ఇటు నుంచి అటు. తుడువు. దీపం పట్టు. చూడు. మళ్ళీ.

బానెట్టు మీద సాలెగూడు కరిగింది.

పైకప్పు మీద కరిగింది.

నలుపు కింద ఇంకో నలుపు బయటపడింది. బావిలోకి తొంగిచూసినట్టు.

మర్నాడు మధ్యాహ్నం అద్దం వచ్చి టేపు కిటికీ చూశాడు.

"దీనికి ఫిల్లర్ రాసెయ్యవయ్యా. గీత నిండిపోతుంది. నాలుగు కడుగుళ్ళ దాకా కనపడదు. ఆ తర్వాత కొన్నవాడి ఖర్మ."

"దాచడం నా చేత కాదు. తీస్తే తీస్తాను. లేకపోతే లేదు."

"అయితే తియ్యి. ఎవరొద్దన్నారు?"

అతను రంగు మందం కొలిచే మీటరు తెచ్చి గీత పక్కన ఆనించాడు. లోతుగానే దిగింది. అయినా కింద పూత ఇంకా ఉంది. ఓపిగ్గా చేస్తే పోతుంది.

పోతుంది. అదే మంట.

చేతగాని పని అయితే బాగుండేది. "కాదు" అనేసి ఊరుకునేవాడు.

సాయంత్రం టేపు పీకేశాడు. దీపం పట్టుకున్నాడు.

సాలెగూడు ఉన్నంతసేపు వేల గీతల్లో అదొక గీత. ఇప్పుడు కారంతా శుభ్రం. ఎక్కడా ఏమీ లేదు. మబ్బులన్నీ తుడిచేసిన ఆకాశంలో ఒక్క మెరుపు అలాగే ఆగిపోయినట్టు — ఆ గీత.

బావమరిది వచ్చాడు. ఉతికిన చొక్కా, అత్తరు, నవ్వు. కారు చుట్టూ తిరిగాడు. "అబ్బ! అబ్బబ్బ! బావా, నీ చేతులకి దండం పెట్టాలి!" వెనక తలుపు దగ్గర నవ్వు ఆగింది.

"ఇదేంటి? దీన్ని వదిలేశావేం?"

"ఎవరు గీశారో చెప్పు."

"ఏంటి?"

"ఎవరు గీశారో చెప్పు. చెబితే తీసేస్తా. కొనేవాడు వచ్చేలోపే తీసేస్తా. మాటంటే మాట."

"బావా, టైము లేదు..."

"చెప్పు."

అద్దం పరుగున వచ్చాడు. "ఏమయ్యా గరుక్కాగితం! నీకేమైనా పిచ్చా?" మొదటిసారి ఆ పేరు మొహమ్మీద పడింది. అతను మిషను పట్టుకుని తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. అద్దం ఒక అడుగు వెనక్కి వేశాడు.

బావమరిది చేతులు నలుపుకున్నాడు. "మా వాచ్‌మన్ సైకిలేమో."

అతను తల అడ్డంగా ఊపాడు.

"పక్కింటి పిల్లి?"

"పిల్లి ఉంగరం పెట్టుకుంటుందా?"

మాట జారిపోయింది. నాలుక కరుచుకున్నాడు.

"ఉంగరమేంటి బావా?"

అతను పక్కకి జరిగాడు. చేతిదీపం బావమరిది చేతిలో పెట్టాడు.

"చూడు."

బావమరిది మోకాళ్ళ మీద కూచున్నాడు. నేలంతా తడి, నురగ, నల్లటి పాలిష్ బురద. కింద ఏమీ పరుచుకోలేదు. దీపం దగ్గరికి తెచ్చాడు. చూశాడు. వేలు గీత మీద పెట్టి, హ్యాండిల్ కింద నుంచి మెల్లగా... ఏటవాలుగా... కిందికి తీసుకొచ్చాడు.

"ఇది గీకింది కాదు బావా," అన్నాడు. "ఎవరో పట్టుకుని... జారినట్టుంది."

అతను కదల్లేదు.

చెప్పాలి వాడు. ఇన్నేళ్ళూ పళ్ళ మధ్య ఇరుక్కున్నది ఈ ఒక్క మాట కోసమే. అక్క అనాలి. ఆ రోజు నేను ముందు తలుపు చూశాను బావా అనాలి. వాడి నోటితో వాడే అనాలి.

అంటే...

అంటే తీసెయ్యాలి. తన చేత్తోనే. మాటంటే మాట అన్నాడు. కోపంలో ఆ సంగతే తట్టలేదు. మిషను ఒక్కసారిగా బరువెక్కింది.

చెప్పరా.

చెప్పకురా.

షట్టరు బయట ఏదో బండి వచ్చి ఆగింది. అద్దం చొక్కా సర్దుకుంటూ అటు నడిచాడు. బావమరిది అటు చూడలేదు. తలెత్తాడు. పెదవులు విడివడ్డాయి —

దీపం తలుపుకి ఇంకా దగ్గరగా జరిగింది.

సాలెగూడు లేదు.

నిండు నలుపులో, తడిసినట్టు మెరుస్తూ, ఒకే ఒక్క దారం.